బుఖారా వైద్యుడు రాసిన మూడో లక్షణం

కృష్ణమోహన్‌కి షుగర్ ఉన్న సంగతి అమెరికాలో వాళ్ళుండే అరోరా ఊళ్ళో తెలుగువాళ్ళందరికీ తెలుసు. పార్టీల్లో స్వీటు తన దాకా వస్తే నవ్వుతూ పక్కవాళ్ళకి అందించేవాడు. అతను దాచుకున్నది వేరే ఉంది. కొంతకాలంగా భార్య నళిని దగ్గరికి వెళ్ళలేకపోతున్నాడు. షుగర్ వల్లే అలా అవుతోందని డాక్టర్ స్పష్టంగానే చెప్పాడు. ఆ మాట ఇంట్లో చెప్పడానికి నోరు రాక, నడుంనొప్పి వంకతో పడక కింది గదిలోకి మార్చుకున్నాడు.

నళిని తప్పంతా తనలోనే వెతుక్కుంది. లావయ్యానని రాత్రి అన్నం మానేసింది. ఒకరోజు ఆ గది గుమ్మంలో నిలబడి, "నేనంటే మీకు మొహం మొత్తిందా?" అని అడిగింది.

"పిచ్చిగా మాట్లాడకు" అన్నాడు టీవీ మీంచి చూపు తిప్పకుండా. కాదని మాత్రం అనలేదు.

1983లో, నళిని పనిచేసే ఆసుపత్రిలో ఒక శనివారం ఉపన్యాసం పెట్టారు. డాక్టర్ హద్దాద్ అనే సిరియా ఆయన అరబ్బుల వైద్యంలో మధుమేహం చరిత్ర చెబుతాడట. "మీ జబ్బు గురించే, రండి" అని భర్తను వెంటబెట్టుకెళ్ళింది.

గ్రీకుల దగ్గర నేర్చుకున్నదానికి అరబ్బీలో రాసిన వైద్యులు తమ అనుభవాన్ని ఎలా చేర్చారో ఆయన ఆసక్తిగా చెప్పాడు. వెయ్యేళ్ళ కిందట బుఖారా ప్రాంతపు వైద్యుడొకడు రోగి మూత్రం తియ్యగా ఉంటుందని రాశాడట. మందుల్లో మెంతులు కూడా కలిపేవాడట.

"మెంతులట!" అంది నళిని, మోచేత్తో పొడుస్తూ. చాలా రోజుల తర్వాత ఆమె నవ్వడం చూసి కృష్ణమోహన్ కూడా నవ్వాడు.

"కాళ్ళు కుళ్ళడం రెండో లక్షణం. మూడోది, మగవాడికి దాంపత్య శక్తి పోవడం" అన్నాడు హద్దాద్. "వెయ్యేళ్ళ కిందటే రాసిపెట్టారు. నా పేషెంట్లు మాత్రం ఇప్పటికీ భార్యలకి చెప్పరు."

నళిని నవ్వు ఆగిపోయింది. కృష్ణమోహన్ చెవులు భగ్గుమన్నాయి. హాల్లో అందరూ తననే చూస్తున్నట్టనిపించి తల వంచుకున్నాడు.

కారెక్కాక ఆమె అడిగింది: "మీకు ముందే తెలుసా?"

"తెలుసు. డాక్టర్ చెప్పాడు."

"ఎప్పుడు?"

"మొహం మొత్తిందా అని నువ్వు అడగక ముందే."

ఆమె కిటికీ వైపు తిరిగింది. "జబ్బు చేసినందుకు నాకు కోపం లేదండీ. నేను నచ్చడం లేదేమో అని రోజూ కుమిలిపోతుంటే చూస్తూ ఊరుకున్నారు. అదెలా చేయగలిగారు?"

 తనలోని ఆ లోపం బయటపడితే సిగ్గుతో చచ్చిపోతాననుకున్నాడు కృష్ణమోహన్ ఇన్నాళ్ళూ. తీరా బయటపడ్డాక ఆ సిగ్గు ఎటు పోయిందో తెలియలేదు. దాని చోట, ఆమెను అలా కుమిలిపోనిచ్చానన్న సిగ్గు వచ్చి కూర్చుంది.

తర్వాతి అపాయింట్‌మెంట్‌కి నళినిని తనే రమ్మన్నాడు. ఆమె ఎదుటే డాక్టర్‌కి అన్నీ విప్పి చెప్పాడు. ఆమె శ్రద్ధగా వింది, వైద్యం గురించి తనూ రెండు ప్రశ్నలడిగింది. ఆ వారమే పడక మళ్ళీ పైగదిలోకి మార్చుకున్నాడు. ఆమె వద్దనలేదు. కానీ చాలాకాలం వరకు, ఆమె కొత్త చీర కట్టుకుని అద్దం ముందు నిలబడితే, అతను బాగుందనడానికి కూడా మొహం చెల్లక పక్కకి తప్పుకునేవాడు.