ముల్లంగికీ గోత్రం ఉంది: ధర్మసాగర్ అవతల ఒక ఆదివారం

పళ్లు వచ్చినప్పటి నుంచి ముల్లంగి తింటున్నాను. దాని పువ్వు ఎలా ఉంటుందని అడిగితే మాత్రం మొన్నటిదాకా ఆకాశం వైపు చూసేవాడిని. పూత రాకముందే పీకి సాంబార్లో వేసే జాతి మనది, ఇక పువ్వు ఎక్కడ చూస్తాం? ఈ ప్రయాణానికి కారణం మా అక్క కూతురు స్రవంతి. వ్యవసాయ కాలేజీలో కొత్త రకాలు తయారు చేసే చదువు చదువుతోంది. మన ఎండలకు ఆగే ముల్లంగి తేవాలని ధర్మసాగర్ అవతల ఒక ఊళ్లో, సాంబయ్య అనే పెద్దాయన చెలకలో, అంటే మెట్ట చేనులో, ఓ మూల అడిగి తీసుకుంది. పోయినేడు పరీక్షలొచ్చి, పంటను ఆయనకే అప్పజెప్పి వెళ్లింది. ఆయన బయటి పుప్పొడి రాకుండా వల కట్టి, నీళ్లు పెట్టి, కంటికి రెప్పలా చూసుకున్నాడు. పూత విరగబూసింది. గింజ మాత్రం పట్టలేదు. "నా చెలకల కాయని పంట లేదు, ఇది గొడ్డు ముల్లంగి" అని ఊరంతా చాటాడు.

శనివారం సాయంత్రం స్రవంతి ఫోన్ చేసింది. "మామా, ఉన్న గింజలన్నీ ఈయేడు వేసిన. రేపు కాయలు ఇప్పుతాన. గింజ ఉంటే ఉన్నట్టు, లేకుంటే ఈ తల్లి రకం ఇక్కడికే ఖతం. సాంబయ్య తాత నువ్వులు వేస్తనని ట్రాక్టర్ గూడ చెప్పిపెట్టిండు. నువ్వు జర వచ్చి ఆయనతోని మాట్లాడరాదు?"

మాట్లాడటం తప్ప నాకు వేరే విద్య రాదని మా ఇంట్లో అందరికీ తెలుసు.

ఉదయం ఏడింటికి వరంగల్‌లో సిటీ బస్సు ఎక్కి హనుమకొండ చౌరస్తాలో దిగాను. ఫిబ్రవరి చివర్లో వెళ్లేవాళ్లు ఇంతకంటే ఆలస్యం చేయకండి, పదింటికే ఎండ పని మొదలుపెడుతుంది. చాయ్ తాగి ధర్మసాగర్ షేర్ ఆటో ఎక్కాను. నడిపేది యాకూబ్ భాయ్. ఊరు దాటగానే అడిగాడు.

"ఏం పని మీద వోతున్నవే అన్నా?"

"ముల్లంగి పూలు జూస్తందుకు."

అద్దంలోంచి నన్ను పైకీ కిందికీ చూశాడు. "పూత వెట్టిన ముల్లంగి తినరాకుంట బెండు వడ్తది గదనే. బెండు వడ్డదాన్ని జూసుడేంది?"

"మన లెక్క బెండు వడ్డోళ్లను ఎవలో ఒకలు జూడాలె గద భాయ్."

"గట్లయితే నన్నే జూడు, అంత దూరమెందుకు?" అన్నాడు. నవ్వుకున్నాం కానీ ముప్పై రూపాయల కిరాయి మాత్రం తగ్గించలేదు.

రిజర్వాయర్ కట్ట దగ్గరికి స్రవంతి స్కూటీ మీద వచ్చింది. మన నల్లాల్లోకి వచ్చే నీళ్లు ఇక్కడ ఇంత నీలంగా ఎందుకుంటాయో, మా వీధికి చేరేసరికి ఆ రంగు ఎక్కడ పోతుందో అడుగుదామనుకున్నాను. పిల్ల ముఖంలో నిద్ర లేని జాడ చూసి ఊరుకున్నాను. చెలక అక్కడి నుంచి పది నిమిషాలు. వల కింద మొక్కలు చాలావరకు ఎండి, కాయలతో పక్కకు వాలి ఉన్నాయి. చివరగా నాటిన నాలుగు మొక్కలు మాత్రం ఇంకా పూస్తున్నాయి. నాలుగే రెక్కలు, తెలుపు మీద లేత వంగపండు రంగు. ఇంత అందమైనదాన్ని ఇన్నేళ్లూ కూరలో వేసుకున్నానా అనిపించింది.

"ఇది గొడ్డు గాదు మామా. దీనికి గోత్రం పట్టింపు," అంది స్రవంతి. "పుప్పొడి మీద అది ఏ మొక్క నుంచొచ్చిందో ఆ ఇంటి గుర్తు ఉంటది. ఆడ భాగం కొస మీద వడంగనే గుర్తు వట్టి, మనింటోడే అనుకుంటే లోపటికి రానియ్యది. ఈ వల కిందున్నయన్ని ఒకటే ఇల్లు. క్యాబేజీ సుట్టాల్ల శానా వాటికి గిదే పద్ధతి."

"మరి మేనరికం నడుస్తదా?"

"గోత్రం వేరైతే సాలు. ఎంత దగ్గరి సుట్టమైనా రానిస్తది."

నా భార్య నాకు మేనమామ కూతురు. ఈ ముల్లంగి మా పెళ్లికి వచ్చి ఉంటే అక్షింతలు వేసేదన్నమాట. దాని మీద గౌరవం పెరిగింది.

చిక్కల్లా, రకం మారకుండా నిలవాలంటే సగోత్రంలోనే గింజ కట్టాలి. అందుకు స్రవంతి వాళ్ల విద్యలో ఒక దొడ్డిదారి ఉంది. పువ్వు ఇంకా విచ్చుకోక ముందే, మొగ్గగా ఉన్నప్పుడే మెల్లగా తెరిచి, అదే మొక్క పుప్పొడి అద్దుతారు. "అప్పటికి కాపలా మనిషి ఇంకా డ్యూటీ ఎక్కడు మామా," అని నవ్వింది. నెల రోజులు ఎండలో వంగి ఒక్కో మొగ్గా తెరిచిన పిల్ల నవ్వు అది.

ఇంతలో సాంబయ్య వచ్చాడు. వెనకాల గట్టు మీద ట్రాక్టర్ ఆగింది.

"ఏం కాకా, బాగున్నవా?" అన్నాను.

"నేను బాగనే ఉన్న. నీ కోడలే మొగ్గలు గిల్లి పాపం మూట గట్టుకుంటాంది. పసిమొగ్గకు పెండ్లేందయ్యా? బాల్యవివాహం గాదా? పోలీసోళ్లకు చెప్పాల్నా?"

"మల్లేం జేయాల్నే తాతా?" అంది స్రవంతి.

"పువ్వు పూసినంక పుప్పొడి రాయాలె, ఈడొచ్చినంక. అందుకే గద నీతోని ఓ కొమ్మకు గట్ల రాపిచ్చి దారం గట్టిన? ముందుగాల నా కొమ్మ జూడు."

మొగ్గల పని అధర్మమని నమ్మిన పెద్దాయన, ప్రతి మొక్కకూ ఒక కొమ్మను ఎర్రదారంతో ప్రత్యేకించి, విచ్చిన పువ్వులకే పుప్పొడి అద్దించాడట. ఆ కొమ్మలన్నిటినీ ఆయనే కోసి పట్టుకొచ్చాడు. కాయలు లేవు. అగ్గిపుల్లల్లాంటి ఎండు ముక్కలు. ఒకే ఒక్క చోట చిన్న కాయ ఉంది. నలిపితే ఒక్క గింజ రాలింది.

సాంబయ్య దాన్ని అరచేతిలో పట్టుకుని కాసేపు చూశాడు. "ఇదెట్లొచ్చింది మరి?"

"అప్పుడప్పుడు కాపలా తప్పిచ్చుకొని ఒకటి అర వస్తది తాతా."

"అంటే ఇది లేచిపోయి చేసుకున్న లగ్గం," అన్నాను. ట్రాక్టర్ మీది మనిషి పకపకా నవ్వాడు. సాంబయ్య నవ్వలేదు.

ఇక దారం లేని కొమ్మలు మిగిలాయి. స్రవంతి ఒక కాయ తీసింది. రెండు వేళ్ల మధ్య పెట్టి నొక్కింది. ముల్లంగి కాయ ఎండితే లోపల బెండు కట్టి గట్టిపడుతుంది, తొందరగా పగలదు. నేను ఆయనతో మాట్లాడటానికి ఎన్నో మాటలు సిద్ధం చేసుకుని వెళ్లాను. వాటితో పని పడనే లేదు. "ఇటియ్యి బిడ్డా," అని సాంబయ్యే కాయ తీసుకుని బొటనవేలితో నొక్కాడు. ఎర్రమట్టి రంగు గింజలు జలజలా రాలాయి. ఇంకొకటి నొక్కాడు. మళ్లీ గింజలే. తర్వాత తలపాగా విప్పి నేల మీద పరిచి, కాళ్లు చాపుకుని కూర్చుని వలవడం మొదలుపెట్టాడు.

"గొడ్డు గాదుర. గోత్రమున్నది," అన్నాడు, గింజలతోనే చెబుతున్నట్టు. ఆ తర్వాత తలెత్తాడు. "మరి దీనికి పిలగాడేడి?"

"వేరే గోత్రపు రకం ఉన్నది తాతా. రెండూ సాళ్లు సాళ్లుగ పక్కపక్కన పెడితే తేనెటీగలే పెండ్లి జేస్తయి. తన పుప్పొడి తను రానియ్యది గనుక, కాసిన గింజ దాదాపంత సంకరమే. ఎండకు ఆగే రకం గా గింజలకెల్లే రావాలె."

సాంబయ్య ట్రాక్టర్ వైపు చెయ్యి ఊపాడు. "ఈ మూల ఇడిచిపెట్టి దున్నుర. వచ్చే చలికాలం ఈడ లగ్గమున్నది. ఆడపిల్ల తరఫు నేను."

మధ్యాహ్నం అక్క స్రవంతికి కట్టిచ్చిన సర్వపిండి, అదే బియ్యప్పిండి రొట్టె, నలుగురం చెట్టు లేని గట్టు మీద కూర్చుని తిన్నాం. మా ఊరి బడిలో పువ్వు బొమ్మ గీసి భాగాలు గుర్తించమంటే, నేను రెక్కలు మాత్రమే గుర్తించి మిగతావి అలంకారం అనుకున్నాను. మా అక్క కూతురు ఆ అలంకారంలోకి వెళ్లి, ఎవరిని రానివ్వాలో ఎవరిని ఆపాలో తెలుసుకుని, ఆపేవాడు డ్యూటీ ఎక్కే లోపల పని ముగించుకు వచ్చింది. తిరుగు ప్రయాణంలో యాకూబ్ భాయ్ ఆటోయే దొరికింది. అడగకపోయినా మొత్తం కథ చెప్పాను. దిగేటప్పుడు పక్కన కూర్చున్న ముసలమ్మ, "నీ బిడ్డనా?" అంది. మేనకోడలు అని చెప్పడానికి నోరు తెరిచి, అవునన్నాను.

వెళ్లాలనుకునేవారికి ఒక్క మాట. సంక్రాంతి దాటాక ఉదయం పూట వెళితే పువ్వులూ తేనెటీగలూ రెండూ కనిపిస్తాయి. అంతదూరం కుదరకపోతే పెరట్లోనే ముల్లంగిని పీకకుండా వదిలేయండి. కానీ ఒక్కదాన్నే వదలకండి, వేరే గోత్రం తోడుండేలా నాలుగైదు వదలండి. ఒక్కటే అయితే పూస్తుంది, కాయదు. అప్పుడు దాన్ని గొడ్డు అనకండి.