నడుముకు పని చెప్పిన సార్

మా కోచ్ సార్ పోయారని పోయిన సోమవారం మార్కెట్ యార్డు నుంచి ఒక హమాలీ తమ్ముడు ఫోన్ చేశాడు. ఆర్మూర్‌లో పీఈటీగా చేసి రిటైరైన మనిషి. "పొద్దుగాల చాయ్ తాగి, కూసున్నోడు కూసున్నట్టే పోయిండన్నా" అన్నాడు.

నేను గల్ఫ్‌లో పరంజా మీది నుంచి పడి, బొడ్డు కింద స్పర్శ లేకుండా ఇంటికి వచ్చినవాణ్ణి. చక్రాల కుర్చీలో బాస్కెట్‌బాల్ ఆడొచ్చని సారే చెప్పారు. నేను నమ్మలేదు. ఆయన బతిమాలనూ లేదు. "జిల్లా టీముకు సెలెక్షన్ ఉన్నది. వస్తే రా, లేకుంటే టీవీ చూసుకుంట కూసో" అన్నారు. రోషమొచ్చి వెళ్లాను.

యార్డులోని సిమెంటు గచ్చే మా కోర్టు. స్తంభానికి ఇనుప రింగు బిగించాం. పసుపు సీజన్ అయిపోయాకే గచ్చు ఖాళీ అయ్యేది. ఎంత ఊడ్చినా నా టైర్లు పచ్చగానే ఉండేవి.

నా చేతుల్లో బలం బాగానే ఉంది. బంతి కోసం చెయ్యి చాపితే మాత్రం ఒళ్లంతా ఒరిగిపోయేది. హమాలీలు బస్తా ఎత్తే ముందు నడుముకు తువ్వాలు బిగించి కడతారు. సార్ అదే పద్ధతిలో నన్ను ఛాతీ దాకా కుర్చీకి బిగించారు. మొదటి మలుపులోనే కుర్చీతో సహా పక్కకు పడ్డాను.

లేపి, మోచేతి దుమ్ము దులిపి, "తప్పు నాదే తమ్మీ. మనిషిని బస్తా లెక్క కుట్టిన. బస్తా వంగదు గద" అన్నారు.

"బస్తాకు నొప్పి గూడ ఉండదు సార్" అన్నాను. నవ్వారు.

అప్పటి నుంచి పట్టీ తుంటి దగ్గరే. పైన వదిలేశారు. మాట్లాడుతూ మాట్లాడుతూ భుజం మీద ఒక్క తోపు తోసేవారు. "చేతులకు బలం నడుముకెల్లే వస్తది. ఉన్నకాడికి దానితోని పని చేపియ్యి" అనేవారు. ఎవరైనా నన్ను పట్టుకోబోతే, "ముట్టకుండ్రి. ఆటల మీరొస్తరా పట్టుకోనీకి?" అని కసిరేవారు. నెలల తరబడి తోశారు. చివరికి ఆయన చెయ్యే ఆగిపోయేది, నేను ఒరిగేవాణ్ణి కాదు.

సెలెక్షన్ నిజామాబాద్‌లో జరిగింది. ఆట ముగియబోతుండగా, రింగుకు తగిలి వచ్చిన బంతిని రెండు చేతులా అందుకున్నాను. ఎదుటివాడి కుర్చీ గుద్దుకుని నాది ఒంటి చక్రం మీదికి లేచింది. బంతి వదలాలనిపించలేదు. నడుము తిప్పాను. చక్రం కిందికి దిగింది. టీములో నా చోటు అప్పుడే ఖాయమైందని తర్వాత తెలిసింది. ఇప్పటికీ ఆడుతున్నాను.

ఆ రోజు చక్రం కిందికి దిగిన క్షణాన తల తిప్పి చూస్తే, సార్ రెండు చేతులూ చాచి కోర్టు మధ్యలో ఉన్నారు. ఒక చెప్పు గీత అవతలే ఉండిపోయింది. రెఫరీ విజిల్ ఊదుతున్నాడు. సార్ చేతులు వెనక్కి కట్టుకుని, ఏమీ జరగనట్టు, ఒంటి చెప్పుతో మెల్లగా గీత దాకా నడిచి వెళ్లారు.