సంజయ్ ఇంటి పై అంతస్తు

నా పేరు ఫకీర్ అహ్మద్, ఊరు కొడకండ్ల. ఐదో తరగతి దాకా ఊరి బడిలో చదివి, తర్వాత తాపీ పట్టాను. అదే బడికి కొత్త గదులు కట్టింది నేనే. నర్సింహులపేటలో ధాన్యం గోదాం, కాళేశ్వరంలో యాత్రికుల సత్రం, భూపాలపల్లిలో బొగ్గుబాయి కార్మికుల ఇళ్లు, అన్నిట్లో నా చెయ్యి ఉంది. నేను వేసిన స్లాబు ఏ వానకూ కారలేదు. పని కోసం నేను ఏనాడూ అడ్డా మీద నిలబడలేదని కూడా గర్వంగా చెప్పుకునేవాడిని. జనగామ చౌరస్తాలో పొద్దున్నే కూలీలు అన్నం డబ్బాలతో నిలబడే ఆ చోటికి మనుషులను పిలుచుకోవడానికే పోయేవాడిని.

చివరగా ఒప్పుకున్నది జనగామలో సంజయ్ ఇల్లు. అతను అమెరికాలో కంప్యూటర్ ఉద్యోగి. కింది అంతస్తు పూర్తి చేసి, పైదాని కోసం పిల్లర్ల చువ్వలు నిలువుగా వదిలాం. దసరాకు వీసా ముద్ర వేయించుకోవడానికి వచ్చినప్పుడు, "ముద్ర వడి నేను పోంగనే పైన మొదలువెడ్దాం చాచా" అన్నాడు.

ఆ మాట నమ్మి నేను మాన్‌సింగ్‌కు, అతని భార్య కమలాబాయికి మాట ఇచ్చాను. తండా నుంచి వచ్చి ఏళ్లుగా నా దగ్గరే పనిచేస్తున్నవాళ్లు. "ఎటూ పోకుండ్రి, పై అంతస్తు మనదే" అన్నాను. మిర్చి ఏరడానికి ఖమ్మం వైపు పోయే ముఠా పిలిచినా వాళ్లు పోలేదు.

చలికాలం గడిచింది. ఒక పొద్దున సంజయ్ నన్ను మేడ మీదికి పిలిచాడు.

"చాచా, ఈ చువ్వలు కోసెయ్యి."

"ఎందుకు బేటా, ఖరాబైనయా?"

"రోడ్డు మీద పోయేటోడల్లా తలకాయెత్తి, పైన ఎప్పుడేస్తున్నవ్ అని అడుగుతుండు. జవాబు చెప్పి చెప్పి యాష్టకొచ్చింది."

అప్పుడు అసలు సంగతి చెప్పాడు. కొత్త రూల్సు, కొత్త ఫీజులంటూ వీసా ఇంటర్వ్యూ తారీఖు జరుపుతూ పోయారట. కంపెనీ కొన్నాళ్లు ఇక్కడినుంచే పని చేయించుకుని, ఇక ఆగలేమని ఉద్యోగం తీసేసిందట. భార్య సాహితి అక్కడ ఇల్లు ఖాళీ చేస్తోందట.

"హైదరాబాద్‌ల నౌకరి దొరకదా?"

"నా అసొంటోళ్లందరు ఒక్కపారే వచ్చిండ్రు చాచా. ఆడ గూడ లైనే."

"కోయకు బేటా. సిమెంటు పాలు పూసి పెడ్త, తుప్పు వట్టదు."

"ఎన్నేండ్లు పూస్తవ్ చాచా?"

కటింగ్ మిషన్ తెప్పించాను. నేను నిలబెట్టిన చువ్వల మీద నేనే మిషన్ పెట్టాను. చప్పుడు విని, కింద మిగిలిన ఇటుకలు సర్దుతున్న మాన్‌సింగ్, కమలాబాయి పైకి వచ్చారు.

"అంటే పైన లేదా మేస్త్రీ?" అంది కమలాబాయి.

"లేదు. సంజయ్‌కు వీసా రాలే, నౌకరి పోయింది."

"జెర ముందుగల్ల చెప్తే మిర్పకాయలకన్న పోతుంటిమి గద. ముఠా పోయి నెల దాటె."

"ఊకోయే! వీసా ఆపిన అమెరికోడు మేస్త్రికి ఫోన్ జేసి చెప్పిండా ఏంది?" అని కసిరాడు మాన్‌సింగ్.

"అమెరికోడు నాకు మాటియ్యలే. మేస్త్రే ఇచ్చిండు."

ఆ వారమంతా వాళ్లిద్దరికీ పని వెతుకుతూ తిరిగాను. అమెరికా జీతాలతో లేస్తున్న ఇళ్లన్నీ ఎక్కడివక్కడ ఆగి ఉన్నాయి. టైల్స్ దుకాణం మహీధర్ మధ్యాహ్నానికే షట్టర్ సగం దించుతున్నాడు. "నువ్వన్న జెప్పు మేస్త్రీ, ఎవలన్న కడుతుండ్రా?" అని నన్నే అడిగాడు.

మర్నాడు నా భార్య కుబ్రా బీ చేత అన్నం డబ్బా కట్టించుకుని అడ్డాకు పోయాను. వాళ్లిద్దరూ అప్పటికే అక్కడ ఉన్నారు.

"మనుషుల కోసం వచ్చినవా మేస్త్రీ?" కమలాబాయి గొంతులో ఆశ వినిపించింది.

"లేదు. నేను గూడ పనికే."

ఆమె గంప పక్కకు జరిపి చోటిచ్చింది. కాసేపటికి ఒక కాంట్రాక్టర్ ట్రాలీ ఆపి నన్ను గుర్తుపట్టాడు.

"అరే, ఫకీర్ మేస్త్రీ! నువ్వేంది ఈడ? నాకు ఇద్దరు కావాలె, మోరీ కాలువ పని. నువ్వొకనివి ఎక్కు."

"నేను గాదు. గీ ఇద్దర్ని తోల్కపో. నా దగ్గర పనిజేసినోళ్లు, నా జిమ్మ."

నా పేరుకు ఇంకా ఆ మాత్రం విలువ ఉంది. ఎక్కించుకున్నాడు. ట్రాలీ కదులుతుంటే కమలాబాయి వెనక్కి తిరిగి అరిచింది.

"డబ్బా ఎండల పెట్టకు మేస్త్రీ, అన్నం పాశిపోతది!"

డబ్బా నీడకు జరిపి, మళ్లీ వచ్చి నిలబడ్డాను.