డయల్ మీద రెండు త్రికోణాలు

మా ఇంట్లో ఎవరైనా దూరప్రయాణం పెట్టుకుంటే ముందు కారులో రేడియో పెట్టాలి. పాటల కోసం కాదు, వార్తల కోసం కాదు. ఆ రేడియో డయల్ మీద అంకెల మధ్య రెండు చిన్న త్రికోణాలు ఉండేవి. పోయేటప్పుడు ముల్లు మొదటి త్రికోణం మీద నిలపాలి, ఇంటికి తిరిగొచ్చేటప్పుడు రెండోదాని మీద. అక్కడ ఏ స్టేషనూ రాదు, సన్నగా గుయ్యిమనే చప్పుడు తప్ప. ఆ చప్పుడులోనే అమ్మ కళ్లు మూసుకుని ప్రార్థన చేసేది. ఆమె ఆమెన్ అన్నాకే నాన్న గేరు వేసేవాడు. పక్కనున్న బొగ్గుగని క్వార్టర్ల వాళ్లు నవ్వుకునేవాళ్లు. నాకూ సిగ్గుగానే ఉండేది.

ఆ కారు అమెరికాలో పుట్టింది. మా తాత ఈ మణుగూరు అడవి వైపు తిరిగే అమెరికా మిషన్ దొర దగ్గర డ్రైవరు. దొర వాళ్ల దేశం వెళ్లిపోతూ కారును తాతకు ఇచ్చేశాడు. తాత తర్వాత అది నాన్నకొచ్చింది. నాన్న దానితోనే మణుగూరులో పెళ్లిళ్లకు, దవాఖానాలకు కిరాయిలు తిప్పాడు. రెండు వేల సంవత్సరం దాటాక కూడా అది తిరిగింది, దగ్గుకుంటూనే అయినా.

రేడియో మాత్రం మధ్యలో కొనుక్కొచ్చి తగిలించింది కాదు, కారుతోపాటు ఫ్యాక్టరీలోనే పెట్టింది. తాత ఆ మాట చెప్పేటప్పుడు మీసం సవరించుకునేవాడట. స్పీడు చూపించే గడియారం ఎట్లా వంపు తిరిగి ఉందో రేడియో డయలూ అట్లాగే ఉండేది. స్టీరింగు ఏ రంగో గుబ్బలూ అదే రంగు. కింద వరసగా బొత్తాలు, ఒకటి నొక్కితే ముల్లు టక్కున పరుగెత్తి తన చోటికి పోయేది. స్విచ్ వేయగానే మోగేది కాదు. లోపల గాజు గొట్టాల్లాంటి వాల్వులు వేడెక్కాలి, అప్పటిదాకా ఓపిక పట్టాలి. మా ఇంట్లో నాకు తప్ప అందరికీ ఆ ఓపిక ఉంది.

త్రికోణాల సంగతి తేల్చింది కూడా తాతే. ఆయనకు ఇంగ్లీషు చదవడం రాదు. "మిషన్ బండి ఇది. ఊరికెనే గీస్తరా? మూడు మూలలు సూడు. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ. గదీ ముచ్చట" అన్నాడట. మరి రెండెందుకని నాయనమ్మ అడిగితే, "పోయేటందుకు ఒకటి, తిరిగొచ్చేటందుకు ఒకటి" అన్నాడట. మా ఇంట్లో బైబిలు తర్వాత తాత మాటే. ఎవరూ ఎదురు చెప్పలేదు.

కారుది ఆరు వోల్టుల బ్యాటరీ. అది ఎక్కడా దొరకని రోజులొచ్చాయి. నాన్న చేసేదిలేక బల్బులూ డైనమో మార్పించి పన్నెండు వోల్టులది పెట్టించాడు. పన్నెండు తగిలితే రేడియో మాడిపోతుందని మెకానిక్కు దాని వైరు కోసేశాడు. ఖమ్మంలో ఒక షాపతను డ్యాష్‌బోర్డు కొంచెం కోస్తే క్యాసెట్ ప్లేయరు పడుతుందన్నాడు. "నీ ముక్కు కొంచెం కోస్తే కళ్లజోడు మంచిగ కూసుంటది, కోయమంటవా?" అని నాన్న అక్కడినుంచి లేచి వచ్చేశాడు. రేడియో అట్లాగే మూగగా ఉండిపోయింది.

ఆ మూగకాలంలోనే నాయనమ్మకు గుండెలో నొప్పి వచ్చింది. కారు వర్క్‌షాపులో ఉండటంతో ఎవరిదో జీపులో తీసుకెళ్లారు. ఆమె తిరిగి రాలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లకు అమ్మకు కడుపులో గడ్డ ఉన్నట్టు తేలింది. రక్తం పోయి పోయి మనిషి సున్నం కొట్టిన గోడలా అయిపోయింది. ఖమ్మంలో డాక్టరమ్మ ఆలస్యం చేస్తే ప్రాణానికే ముప్పు, వెంటనే ఆపరేషన్ చేయించుకోండి అని గట్టిగా చెప్పింది. అమ్మ తలూపి ఇంటికొచ్చి మామిడికాయ పచ్చడి పెట్టుకుంది. పచ్చడయ్యింది, పోదాం అంటే చర్చిలో స్త్రీల కూడిక అంది. కూడికయ్యాక ఎండలు తగ్గనీ అంది. నేనప్పుడు కాలనీలో ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పేదాన్ని. పిల్లల మీద అరిచే గొంతుతోనే అమ్మ మీదా అరిచాను.

"అసలు నీ బాధేంది? సచ్చిపోదామనుకుంటున్నవా?"

 అమ్మ మెల్లగా అంది. "మీ నాయనమ్మ జీపుల పోయింది. గుర్తు మీద ముల్లు పెట్టకుండ పోయింది. రేడియో మోగనియ్, నేను కారెక్కుత."

నాకు నెత్తి కొట్టుకోవాలనిపించింది. కానీ భయంతో ఉన్న మనిషితో తర్కం పనికిరాదని నాన్నకు తెలుసు. ఆయన చెప్పులేసుకుని నేరుగా చాచా దగ్గరికి పోయాడు.

చాచా బజారులో రేడియోలు బాగుచేసేవాడు, నాన్నకు చిన్ననాటి దోస్తు. అప్పటికి రేడియోలు తెచ్చేవాళ్లు తగ్గిపోయి టీవీ రిమోట్లు, టార్చిలైట్లు చూసుకుంటున్నాడు. డయల్ మీద త్రికోణాలు చూసినప్పుడల్లా "ఇది సమోసా భాయ్, నీకు అర్థమైతలే" అని నాన్నను ఏడిపించేవాడు. ఆ రోజు మాత్రం ఆ మాట అనలేదు. సంగతంతా విని, సంచి సర్దుకుని మా ఇంటికొచ్చాడు.

రేడియోను వేపచెట్టు కింద గోనెపట్టా మీద విప్పాడు. లోపల ఒక చిన్న డబ్బా ఉంటుంది, అది వణుకుతూ ఉంటేనే వాల్వులకు కరెంటు అందుతుంది. దాని లోపలి రేకులు తుప్పు పట్టి అతుక్కుపోయాయి. గరుకు కాగితంతో వాటిని రుద్దీ రుద్దీ చాచా వేళ్లు నల్లబడ్డాయి. ఒక వాల్వు చచ్చిపోయింది. తన ఇంటి అటక మీది పాత రేడియోలోంచి అట్లాంటిదే తీసి పెట్టాడు. అది వాళ్ల నాన్న కొన్న రేడియో అని నాకు తర్వాత తెలిసింది.

అంతా అయ్యి రేడియో మళ్లీ కారులో బిగించాక నాన్న అసలు చిక్కు అడిగాడు. "మరి ఆరు వోల్టులు యాడికెళ్లి తెస్తవ్?"

"తెచ్చుడెందుకు? నీ బ్యాటరీల సగం ఆరే గద" అన్నాడు చాచా. ఆ బ్యాటరీ లోకల్‌గా కట్టించింది, పైన డాంబరు పోసి ఉండేది. చాచా మధ్యలో డాంబరు గీకి, సరిగ్గా సగం గదుల దగ్గర సీసపు పట్టీ బయటపడేలా చేసి, అక్కడ వైరు బిగించాడు. రొట్టెను సగానికి తుంచి ఇచ్చినంత తేలిగ్గా చేశాడు. బిస్మిల్లా అని స్విచ్ వేశాడు. నాన్న పెదవులు కూడా కదులుతున్నాయి. డయల్ పసుపుపచ్చగా వెలిగింది, కానీ చప్పుడు లేదు. నేను నోరు తెరవబోయాను.

"ఆగు బిడ్డా, జల్దీ పడకు. ముసల్ది లేస్తున్నది" అన్నాడు చాచా.

నిజంగానే లేచింది. ముందు సన్నగా, తర్వాత నిండుగా గుయ్యిమంది. అమ్మ వంటింటి గడపలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. "ఎప్పుడు పోదామంటవ్ భాభీ?" అని చాచా అడిగితే, "రేపే పోదాం అన్నా" అంది. ఎండలు తగ్గేదాకా ఆగలేదు.

మర్నాడు పొద్దున ముల్లు మొదటి త్రికోణం మీద పెట్టుకుని ఖమ్మం బయలుదేరాం. ఆ గుయ్యి శబ్దం వింటూ అమ్మ నా చెయ్యి పట్టుకుంది.  దారిపొడవునా అడవిలో ఆ చప్పుడు మాతోనే వచ్చింది. నాన్న ఆపలేదు, నేనూ ఆపమనలేదు. ఆపరేషన్ బాగా జరిగింది. ఇంకొంచెం ఆలస్యమై ఉంటే చేతిలో ఉండేది కాదని డాక్టరమ్మ తర్వాత చెప్పింది.

డిశ్చార్జి చేసిన రోజు అమ్మ కుట్లు పట్టుకుని ముందు సీట్లోనే కూర్చుంటానని పట్టుబట్టింది. గుబ్బ తనే తిప్పింది. ముల్లు రెండో త్రికోణం మీద నిలిచాక వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్వింది. నేను ఏడ్చాను. ఇప్పుడు రాస్తుంటే కూడా కళ్లు నిండుతున్నాయి. చాచాకు, తాతకు, ఎక్కడో ఫ్యాక్టరీలో ఆ రేడియో బిగించిన ముక్కూమొహం తెలియని మనిషికి, అందరికీ నేను బాకీ పడ్డాననిపిస్తుంది.

ఆ తర్వాత కొన్నాళ్లకు కొత్తగూడెంలో ఒక నెట్ సెంటర్లో కూర్చున్నప్పుడు ఆ త్రికోణాలేమిటో వెతకాలనిపించింది. దొరికింది. ఒకప్పుడు అమెరికాలో శత్రువుల విమానాలు బాంబులు వేస్తాయని భయముండేదట. అట్లాంటి ఆపద వస్తే మామూలు స్టేషన్లన్నీ ఆగిపోతాయి, ఆ రెండు చోట్ల మాత్రమే జనానికి జాగ్రత్తలు చెబుతారు. అందుకే అక్కడ అమ్మే ప్రతి రేడియో మీదా ఆ రెండు గుర్తులు వేయాలని ప్రభుత్వం చట్టం చేసింది. కొన్నేళ్లకు దాన్ని ఎత్తేశారు. అంతే సంగతి. త్రిత్వం లేదు, పోవడం లేదు, రావడం లేదు.

చెప్పాలా వద్దా అని బస్సులో ఇంటిదాకా కొట్టుకున్నాను. చివరికి ఆగలేక చెప్పేశాను. నాన్న వింటూ కారు వైపు చూస్తూ ఉండిపోయాడు. అమ్మ చింతపండులో గింజలు తీస్తోంది. చెయ్యి ఆపలేదు.

"ఆపదొస్తే గాడ వినుమన్నరా?"

"అవ్."

"మరి మనం గట్లనే ఇన్నం గద."

 "రెండోది గూడ గందుకేనా?" అని అమ్మే మళ్లీ అడిగింది. రెండూ అందుకేనని చెప్పాను. అమ్మ గింజను చేటలోకి విసిరి, ఆ అమెరికా వాళ్ల మీద జాలిపడ్డట్టు తలూపింది.

"పాపం, ఆళ్లకు రెండూ ఆపదకే. మనకైతే ఒకటి ఇంటికొచ్చేటందుకు మిగిలింది."