మడత వెనక మనిషి

2016లో ఇర్వింగ్‌లో నాకు ఫ్రేముల షాపు ఉండేది. డల్లాస్ చుట్టుపక్కల నా అంతటి ఫ్రేమర్ లేడని చెప్పుకునేవాణ్ణి. సరే, ఇర్వింగ్‌లో లేడు. ఇంకా నిజం చెప్పాలంటే, ఇండియన్ గ్రోసరీ ఉన్న ఆ వరసలో లేడు. అక్కడ ఫ్రేములు కట్టేది నేనొక్కణ్ణే.

ఒక సోమవారం నోరా అనే ఐరిష్ ఆవిడ వచ్చారు. డెబ్బై దాటిన మనిషి. కవర్లోంచి పాత గ్రూప్ ఫోటో తీసి కౌంటర్ మీద పెట్టారు. ఏదో యూనియన్ ఆఫీసు మెట్ల మీద పదిమంది మగవాళ్లు. కుడి చివర ఆమె తండ్రి డెనిస్. ఆయన పక్కన రెండంగుళాల మేర ఫోటో వెనక్కి మడిచి ఉంది.

"ఆదివారం మా చిన్నాన్న కూతురు ఐలీన్ బోస్టన్ నుంచి వస్తోంది. మేమిద్దరం ఇంతవరకూ ఒకరి ముఖం ఒకరు చూడలేదు. ఇది ఆమెకివ్వాలి," అన్నారు.

"వీళ్లంతా ఎవరండీ?"

"మా ఊరి లేబర్ పార్టీ వాళ్లు. మా దేశంలో కార్మిక పక్షం ఎప్పుడూ మూడోదే, మిస్టర్ రావు. ముందు స్వాతంత్ర్యం రానీ, మీరు ఆగండి అన్నారు. ఆగారు. తర్వాత ఆగడమే అలవాటైంది. నలభైల్లో, పార్టీలో కమ్యూనిస్టులు దూరారని గొడవపడి ఒక పెద్ద యూనియన్ బయటికి పోయింది. కొందరు వేరు కుంపటి పెట్టారు. ఈ మడత ఆ చీలికప్పుడే..."

చీలిక అన్న మాట వినగానే నాకు పూనకం వచ్చింది. "చీలికల సంగతి నాకా చెప్తారు? మాది తెనాలండీ! అరవైల్లో మా కమ్యూనిస్టులు చీలితే ఒకే ఇంటి మీద రెండు జెండాలు!" అని అందుకున్నాను. మా నాన్నని పెద్ద నాయకుణ్ణి చేసేశాను. నిజానికి ఆయన మీటింగులకి కుర్చీలు అద్దెకిచ్చేవాడు, రెండు పక్షాలకీ. నోరా ఓపిగ్గా విని, వాచీ చూసుకుని, "మడత జాగ్రత్త," అని వెళ్లిపోయారు.

ఫోటో చుట్టూ వేసే అట్టని మ్యాట్ అంటాం. కాగితం మడిచి ఉంటే మ్యాట్ కింద చదునుగా కూర్చోదు, ఒక పక్క ఉబ్బుతుంది. విప్పితే పాత కాగితం పగలొచ్చు. మా పనిలో మొదటి నియమం ఒరిజినల్‌ని ట్రిమ్ చేయకూడదని, అంటే కస్టమర్ తెచ్చినదాని మీద అడక్కుండా బ్లేడు పెట్టకూడదని. నేను స్టీల్ స్కేలు ఆనించి మడత వెంబడి కోసేశాను. ముక్కలో ఎవరో పొడుగాటి యువకుడు. వాళ్లే వద్దని మడిచారు కదా అనుకుని చెత్తబుట్టలో వేశాను.

శనివారం నోరా వచ్చి ఫ్రేము చేతిలోకి తీసుకున్నారు. వెనక్కి తిప్పారు, మళ్లీ ముందుకు తిప్పారు.

"మైకేల్ ఏడి?"

"ఎవరండీ?"

"మా చిన్నాన్న. ఐలీన్ తండ్రి. మడత వెనక ఉన్నది ఆయనే. వయసులో ఉండగా ఆయన దిగిన ఫోటో ఇదొక్కటే."

మైకేల్ చీలిన పక్షంతో వెళ్లాడట. ఆ రోజే డెనిస్ తమ్ముణ్ణి వెనక్కి మడిచేశాడట. ఆరేళ్లకి రెండు పార్టీలూ మళ్లీ ఒక్కటయ్యాయి. అన్నదమ్ములు కాలేదు.

నా నోట అబద్ధం తడుముకోకుండా వచ్చింది. "పాత కాగితం కదండీ, మడత దగ్గర అదే ఊడొచ్చింది."

ఆవిడ ఫ్రేము విప్పించి, ఫోటో అంచు వెంట వేలు నడిపారు. "అదే ఊడితే ఇంత తిన్నగా ఊడుతుందా?"

వెనక బల్ల దగ్గర మా ఆవిడ సుజాత తెలుగులో గొణిగింది: "కోశానని చెప్పి చావండి. ఆవిడకి కళ్లున్నాయి."

చెప్పాను. వెనకవైపున్న పెద్ద చెత్త డబ్బాలోకి దిగి గంటసేపు వెతికానని తర్వాత చాలామందికి చెప్పాను. దిగలేదు. మూత ఎత్తి చూశానంతే. గురువారమే బండి వచ్చి ఖాళీ చేసుకుపోయింది.

నోరా కేకలేయలేదు. "మా నాన్న మొండి మనిషి. పోయేదాకా తమ్ముడి పేరెత్తలేదు. అయినా మడిచాడు, మిస్టర్ రావు. కోయలేదు."

మ్యాట్ లేని ఫోటోని ఆవిడ వెలుతురులో పెట్టి చూశారు. అంచు దగ్గర, డెనిస్ భుజం మీద, నాలుగు వేళ్లు. చెయ్యి ముక్కతో పోయింది, మైకేల్ వేళ్లు మాత్రం మిగిలాయి. చూడ్డానికి బాగా లేవని నేనే వాటిని మ్యాట్ కింద కప్పేశాను.

"ఇవి కనబడేలా మ్యాట్ మార్చగలరా?" అన్నారు.

మార్చాను. ఐలీన్ కోసం అదే పట్టుకెళ్లారు.

షాపు మూసేదాకా ఆ తర్వాత మడత ఉన్న కాగితం ఏదొచ్చినా, ఎవరు మడిచారు, ఎందుకు మడిచారు అని అడిగి, వాళ్లు చెప్పడం ముగించేదాకా నోరు మెదపలేదు. ఇందులో అతిశయం లేదు, సుజాతని అడగండి. ఆ వేళ్లు చూసి ఐలీన్ ఏమందో నాకు తెలియదు. నోరా నంబరు పని రాసుకునే వర్క్ ఆర్డర్ కాగితం మీద ఉండేది. రెండుసార్లు ఫోన్ చేసి, మోగకముందే పెట్టేశానని రాయబోయాను. అసలు చేయనేలేదు.