గౌరయ్య ఎడమకాలు

మిర్యాలగూడ–కోదాడ రోడ్డు మీద నలభై ఏళ్ల కింద ఎర్రబస్సులో తిరిగినవాళ్లకు కండక్టర్ గౌరయ్య ముఖం గుర్తుందో లేదో చెప్పలేను గాని, ఆయన ఎడమకాలు మాత్రం తప్పక గుర్తుంటుంది.

గౌరయ్య ఎదురుకాళ్లతో పుట్టినవాడు. అంటే అందరిలా తల ముందుపెట్టి కాకుండా, బస్సు దిగినట్టు కాళ్లు ముందుపెట్టి ఈ లోకంలోకి దిగినవాడు. అట్లా దిగినవాడు, నడుం పట్టేసిన మనిషి వీపు మీద ఎడమకాలు మూడుసార్లు ఆనిస్తే పట్టు వదులుతుందని మా వైపు గట్టి నమ్మకం. ఈ వైద్యానికి నియమాలు కూడా ఉన్నాయి. ఏమీ పుచ్చుకోకూడదు. మేలు జరిగిందని చెప్పకూడదు. కాలు ఆనించాక రోగి వెనక్కి చూడకుండా వెళ్లిపోవాలి. అంచేత ఎవరికి నయమైందో, ఎవరికి కాలేదో గౌరయ్యకు గాని, వైద్యశాస్త్రానికి గాని తెలిసే వీలు లేకుండా పోయింది. కీర్తి మాత్రం పెరిగింది.

హుజూర్‌నగర్ బస్టాండులో బస్సు పది నిమిషాలు ఆగేది. అక్కడ కొందరు బస్సెక్కడానికి కాకుండా, ఒట్టిగా వంగి నిలబడి ఎదురుచూసేవాళ్లు. డ్రైవర్ భీమ్లా అద్దంలోంచి వాళ్లను చూసి, స్టీరింగు వదలకుండానే ప్రకటించేవాడు.

"గౌరన్నా, రెండు నడుములు, ఒక మెడ!"

గౌరయ్య టికెట్ల ట్రే భీమ్లా చేతికిచ్చి, దిగి, చెప్పు విడిచి, అధికారికంగా మూడుసార్లు కాలు ఆనించి, చెప్పు తొడుక్కుని విజిల్ ఊదేవాడు. బస్సు కదిలేది. లోపల మేము, మిర్యాలగూడ డిగ్రీ కాలేజీ విద్యార్థులం, కిటికీలోంచి రుమాలు విసిరి సంపాదించిన సీట్లలో కూర్చుని, నేరేడుచర్ల రైసుమిల్లుల దగ్గర పడిన ఊకకు ఇంకా కళ్లు నలుపుకుంటూ ఆ వైభవమంతా చూసేవాళ్లం. ఆ ఊక మంట ఇప్పుడు తలుచుకుంటే కూడా కళ్లు చెమరుస్తాయి. ఊక వల్లనే అని చెప్పగలను.

టికెట్టు దగ్గర మాత్రం ఆయనకు దయాదాక్షిణ్యాలు లేవు. సొంత తల్లి ఎక్కినా టికెట్టు కొట్టేవాడు. ఒక ఎండాకాలం నా పాసు గడువు తీరిపోయి, మా పెదనాన్న కొడుకు ప్రభాకర్ పాసు మీద ఎక్కాను. గౌరయ్య పాసు చూశాడు, నన్ను చూశాడు.

"ఫోటోల ఉన్నది నువ్వు గాదు తమ్మీ."

"జ్వరమొచ్చి చిక్కిన సార్."

"చిక్కితే చెంపలు గుంజుకపోతయి. చెవులు మారయి గద. దిగు."

నేరేడుచర్లకు మూడు కిలోమీటర్ల ముందు దింపాడు. భీమ్లా జాలిపడి హారన్ కొట్టాడు, అంతే. మిగతా దూరమంతా నా చెవుల గురించి ఆలోచిస్తూ నడిచాను.

తరవాత నేను చరిత్ర లెక్చరర్నై, సూర్యాపేటలో ఇల్లు కట్టుకుని, రిటైరయ్యాను. గౌరయ్య నాకంటే ముందే రిటైరై మా వెనక వీధిలోనే ఉంటున్నాడు. నేను లెక్చరర్నైన దగ్గర్నుంచి ఆయన నన్ను "సారూ" అంటున్నాడు. నేను "గౌరన్నా" అంటున్నాను. పాసు సంగతి ఇద్దరమూ ఎత్తలేదు.

మొన్న మా అమ్మాయి రచన పురిటికి వచ్చింది. ఆడపిల్ల. పేరు విషయం రెండు కుటుంబాల మధ్య చర్చల దశలో ఉండటం వల్ల ప్రస్తుతానికి బుజ్జి. బుజ్జికి నలభై రోజులు నిండేసరికి సాయంత్రం అయిదింటికి ఏడుపు మొదలుపెట్టడం అలవాటైంది. ఎనిమిదింటి దాకా ఆపేది కాదు. అంత సమయపాలన మా కాలేజీలో ఎవరికీ ఉండేది కాదు. డాక్టరమ్మ చూసి, పాలు బాగా తాగుతోంది, బరువు పెరుగుతోంది, ఏ జబ్బూ లేదు, మూడు నెలలు దాటితే అదే తగ్గుతుంది అంది. మూడు నెలలు అనడం సులభం.

ఇల్లు రెండు శిబిరాలైంది. రచన ఫోన్‌లో వీడియో పెట్టుకుని, బుజ్జి పొట్ట మీద గడియారం ముల్లు తిరిగే దిశలో వేళ్లతో మెల్లగా రాసేది. కాళ్లు పట్టుకుని సైకిల్ తొక్కించేది. మా ఆవిడ సులోచన గోరువెచ్చటి తమలపాకు బొడ్డు పక్కన ఆనించేది. కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టుకుని నూనె రాసి లాల పోసేది. బుజ్జి రెండు వైద్యవిధానాలనూ సమాన దృష్టితో చూసింది. అయిదింటికి మొదలు, ఎనిమిదింటికి ఆపడం.

చివరకు సులోచన తీర్పు ఇచ్చింది. ఆమెది కోదాడ. కోపంలో కూడా 'అండీ' వదలదు.

"ఎత్తుకోవడంలో పిల్లకు ఎక్కడో నరం పట్టేసిందండీ. వెళ్లి గౌరన్నయ్యని తీసుకురండి."

రచన లేచి నిలబడింది. "అమ్మా! నలభై దినాల పాప మీద కాలు పెట్టిస్తవా?"

"పెట్టడమేంటే? బొటనవేలు ఆనిస్తాడు, అంతే. పూవు తగిలినట్టు."

"ఆ పూవుతోని మిర్యాలగూడ నుంచి కోదాడ దాక నడిచిండమ్మా!"

చర్చలు ఫలించి ఒక ఒప్పందం కుదిరింది. కాలు సబ్బుతో మూడుసార్లు కడగాలి. బొటనవేలి కొస మాత్రమే. ఎందుకైనా మంచిదని రచన చేయి మధ్యలో అడ్డం ఉంటుంది. సంతకాలొక్కటే తక్కువ. నన్ను స్కూటరు మీద పంపారు.

గౌరయ్య ఇంటి ముందు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. సంగతి విన్నాడు.

"నేను రాను సారూ."

"అదేంది గౌరన్నా?"

"కాలు నాది గాదు."

నేను కాలు వంక చూశాను. ఆయనకే ఉంది.

"మొన్న వాడపల్లి పోయిన," అన్నాడు. అక్కడ చెల్లెలి దగ్గర ఆయన తల్లి ఉంటుంది. తొంభైకి దగ్గరపడింది. "అమ్మకు నడుం పట్టింది. తల్లి మీద కాలు పెట్టొద్దని ఇన్నేండ్లల్ల ఎన్నడు పెట్టలే. గానీ మొత్తుకుంటుంటె సూడలేక, బొటనవేలన్న ఆనిస్త అమ్మా అన్న. నవ్వింది సారూ. గంత నొప్పిల గూడ నవ్వింది. 'ఎందుకురా, నువ్వు అందరి లెక్కనె తలతోటి పుట్టినవ్' అన్నది."

స్కూటరు తాళం జేబులో వేసుకుని, అరుగు మీద ఆయన పక్కన కూర్చున్నాను.

"కాళ్లతోటి పుట్టింది నా ముందటోడట. తొమ్మిది దినాలు బతికిండట. ఏడాదికి నేను పుట్టిన. ఊరోళ్లు గడబిడైన్రు, నేనే వాడనుకున్నరు. అమ్మ కాదనలే. ఎందుకు కాదనలేదే అంటె ఏమన్నదో ఎరుకనా? 'నడుం పట్టినోళ్లొచ్చి నీ కాలు వట్టుకుంటుంటె, నా పెద్దోడు ఇంక ఇంట్లనె ఉన్నడనిపించేది బిడ్డా' అన్నది."

కాసేపు ఎడమకాలు వంక తనే చూసుకున్నాడు, ఎవరో అప్పజెప్పి పోయిన వస్తువును చూసినట్టు.

"సారూ, మిమ్ముల ఓసారి బస్సు దించిన. యాదికున్నదా?"

"ఉంది."

"పరాయి పాసు మీద ఎక్కిన్రని దించిన. అరవై తొమ్మిదేండ్లు నేను మా అన్న పాసు మీద తిరిగిన. పెద్దోళ్ల మీదంటె ఎట్లనో నడిసింది. పసిపిల్ల మీద ఎట్ల పెడత? ఇగ ఎవల మీదా పెట్ట."

అన్నల పేరు చెప్పుకుని రాజ్యాలేలిన వాళ్ల గురించి ముప్పై ఏళ్లు పాఠం చెప్పినవాణ్ణి. ఆ సమయానికి ఒక్కడి పేరూ నోటికి రాలేదు.

"ఆ మాట నువ్వే వచ్చి చెప్పు గౌరన్నా. నేను చెబితే, తీసుకురావడం చేతగాక కథ అల్లానంటుంది మా ఆవిడ."

ఆలోచించాడు. "సెప్పొస్త. దిగేటోడు అందరి ముందల్నే దిగాలె," అని స్కూటరెక్కాడు.

మేము వెళ్లేసరికి అయిదున్నర. ఏడుపు గేటు దగ్గరికే వినిపిస్తోంది. సులోచన చెంబుతో నీళ్లు, కొత్త సబ్బుబిళ్ల పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. గౌరయ్య చెప్పులు విడిచి, నిటారుగా నిలబడి మొదలుపెట్టాడు.

"అమ్మా, ఒక్క మాట. నేను..."

బుజ్జి అందుకుంది. ఎనభైమంది ప్రయాణికులను తొక్కుకుంటూ వెనక సీటు దాకా వెళ్లగలిగిన గొంతు గౌరయ్యది. నాలుగు కిలోల బుజ్జి ముందు మునిగిపోయింది.

"ఏమంటున్నారన్నయ్యా? వినబడట్లేదు!"

మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ మునిగిపోయాడు. మూడోసారి బుజ్జి ఊపిరి తీసుకోవడానికి ఆగింది. ఇదే అదననుకుని ఆయన నోరు తెరిచాడు. బుజ్జి కూడా తెరిచింది.

సులోచన తుండుగుడ్డ కోసం లోపలికి వెళ్లింది. నేను స్కూటరు స్టాండు వేస్తున్నాను. వారం రోజులుగా కంటిమీద కునుకు లేని రచన ఎదురుగా ఉన్న మనిషి చేతుల్లో పిల్లను పెట్టేసింది.

"అంకుల్, ఒక్క నిమిషం పట్టుకోండి. మంచినీళ్లు తాగొస్త. కాలు గీలు పెట్టకండి. చేతులతోనే!"

గౌరయ్య ఎడమ ముంజేయి దానంతట అదే ముందుకొచ్చింది. ముప్పై మూడేళ్లు టికెట్ల ట్రే మోసిన చేయి. దాని మీద బుజ్జి బోర్లా ఒదిగింది. చెంప మోచేతి వంపులో, పొట్ట ముంజేతి మీద, తొడ అరచేతి పట్టులో. కుడిచేయి వీపు మీదికొచ్చి, ప్రయాణికుల తలలు లెక్కపెట్టినంత నెమ్మదిగా పైనుంచి కిందికి జరగడం మొదలైంది. కాళ్లు ఎడంగా జరిగాయి. మోకాళ్లు కొంచెం వదులయ్యాయి. ఆయన ఊపడం లేదు. ఊగుతున్నాడు. కనబడని బస్సొకటి మా వరండాలో నడుస్తున్నట్టు, ఎడమకో రవ్వ, కుడికో రవ్వ, అప్పుడప్పుడు ఒక చిన్న గుంట.

బుజ్జి ఒక వెక్కు వెక్కింది. మాట పోకూడదన్నట్టు ఇంకోసారి ఏడ్చి చూసింది. ఆగిపోయింది.

ఫ్యాను చప్పుడు వినిపించింది. పక్కింట్లో కుక్కరు కూత వినిపించింది. వారం రోజులుగా సాయంత్రం పూట మా ఇంట్లో ఇటువంటి శబ్దాలు ఉన్నాయని మాకు తెలియదు.

ఆ నిశ్శబ్దంలో గౌరయ్య గోడ వంక చూస్తూ, ఊగుతూ, మొత్తం చెప్పాడు. వాడపల్లిలో తల్లి నవ్వడం, తొమ్మిది దినాల అన్న, ఊరోళ్ల గడబిడ. తుండుగుడ్డతో సులోచన గుమ్మంలో ఆగిపోయింది. నీళ్ల గ్లాసుతో రచన ఆమె వెనక. "ఇంతే అమ్మా. కాలు నాది గాదు. ఇన్నేండ్లు మిమ్ముల మోసం జేసిన," అని ముగించాడు. చివరి మాట దగ్గర గొంతు కొంచెం లేచింది.

సులోచన ఆయన్ను చూసింది. ముంజేతి మీద నోరు తెరుచుకుని నిద్రపోతున్న పిల్లను చూసింది.

"మెల్లగా మాట్లాడండన్నయ్యా," అంది. "పిల్ల లేస్తుంది."

గౌరయ్య తీర్పు కోసం ఇంకా కాసేపు ఎదురుచూశాడు. అదే తీర్పని అర్థం కావడానికి ఆయనకు రెండు గుంటల దూరం పట్టింది.

రచన దగ్గరికి వచ్చి గుసగుసగా అడిగింది. "అంకుల్, వీడియోలో కూడ గిట్లనే పట్టుకున్నరు. నాకు వస్తలేదు. మీరెక్కడ నేర్చుకున్నరు?"

"నేర్సుకునుడేంది బిడ్డా? నేరేడుచర్ల కాడ రోడ్డు బాగలేకుండె."

కూర్చోమని కుర్చీ జరిపాను. కూసుంటే లేస్తదన్నాడు. కండక్టరు సీటు ఎన్నడన్న ఖాళీగుండెనా సారూ, ఎవరో ముసలామె, ఎవరో నిండుచూలాలు కూసునే ఉండె, అన్నాడు. నిజమే. ఆ సీట్లో ఆయన కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు.

మరునాడు అయిదింటికి గేటు దగ్గర తనే వచ్చి నిలబడ్డాడు. ఆ తరవాత రోజూ. ఒక్కో రోజు అరగంట, ఒక్కో రోజు కోదాడ దాకా. రచనకు ఆ నిలబడటం, ఆ పట్టు నేర్పాడు. ఆమెకు గుంటలు బాగా కుదిరాయి గాని మలుపులు ఇంకా రావాలట.

నాలుగో రోజనుకుంటా, పక్కింటి మట్టయ్య గోడ పట్టుకుని, ప్రశ్నార్థకం గుర్తు ఆకారంలో మా వరండాలోకి వచ్చాడు.

"గౌరన్నా, ఉన్నవా? బోరు మోటరు లేపబోయిన. జర కాలు పెట్టు."

గౌరయ్య ఊగడం ఆపాడు. "మట్టయ్యా, గీ కాలు నాది గాదు. మా అన్నది. తొమ్మిది దినాలు బతికిండు. నేను తలతోటి పుట్టినోణ్ని."

మట్టయ్య నేల వంకే చూస్తూ విన్నాడు. ఇంకెటూ చూసే స్థితిలో లేడు.

"నీదో మీ అన్నదో నా నడుముకెట్ల ఎరుకైతదన్నా? ఎవలదైతె ఏంది, పెట్టు. సస్తున్న."

గౌరయ్య బుజ్జిని జాగ్రత్తగా రచన ముంజేతి మీదికి మార్చాడు. ఎడమ చెప్పు విడిచాడు. విడిచి, పెట్టకుండా, గుమ్మం పట్టుకుని నా వంక చూశాడు. పాసు చూపించినవాడు కండక్టరు ముఖం వంక ఎట్లా చూస్తాడో నాకు బాగా తెలుసు. నేరేడుచర్లకు మూడు కిలోమీటర్ల ముందు, నడినెత్తిన ఎండలో తెలిసింది.

ఆయన చెవులు చూశాను. తొమ్మిది రోజుల పిల్లవాడి చెవులు ఎట్లా ఉండేవో ఎవరికి తెలుసు?

"రైట్, రైట్," అన్నాను.