ఏప్రాన్ నాడా దాకా

మా పాపకు నాలుగేళ్ళు నిండిన నెలలోనే వాళ్ళమ్మకు ఆసుపత్రిలో పొద్దున డ్యూటీ పడింది. ఆమె నర్సు. ఆరుకల్లా ఇంట్లోంచి బయటపడాలి. దాంతో పాప తల దువ్వే పని నా మీద పడింది. నేను నీళ్ళను పరీక్షించే లాబులో పని చేస్తాను. చుక్కలు లెక్కపెట్టడం వచ్చు గాని, ఆ తలను ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలియలేదు. దానిది స్ప్రింగుల్లా చుట్టుకునే ఉంగరాల జుట్టు. నేను నడినెత్తి మీద దువ్వెన పెట్టి కిందికి లాగేవాణ్ణి. అది ఇల్లెగిరిపోయేలా ఏడ్చేది. దువ్వెన నిండా వెంట్రుకలు. వాటిని కిటికీ దగ్గర పెట్టి చూస్తే ఒక్కదానికీ కుదురు లేదు, అన్నీ మధ్యలో తెగినవే. ఏడాదిగా దాని జుట్టు మెడ దాటలేదు. ఒంట్లో ఏదో లోపముందని భయపడి రక్తపరీక్ష కూడా చేయించాను. డాక్టరు నవ్వి, మమ్మల్ని ఇంటికి పంపేశాడు.

ఇక లాభం లేదని ఒక సెలవు రోజున పాపను ఎత్తుకుని, మందుల షాపు పైనున్న బ్యూటీ పార్లరుకు వెళ్ళాను. మెట్ల మలుపులో ఒకావిడ తడి తువ్వాళ్ళు ఆరేస్తోంది.

"ఏం కావాలి తమ్ముడూ?"

"పాపకి క్రాఫ్ కొట్టించాలి. బాగా పొట్టిగా."

ఆవిడ పాప జుట్టులోకి రెండు వేళ్ళు పోనిచ్చి నా వైపు చూసింది. "లాగి లాగి తెంపింది నువ్వు. కత్తెర దీనికా? కూర్చో ఇక్కడ."

నన్నూ పాపనూ మెట్ల మీదే కూర్చోబెట్టింది. మగ్గుతో నీళ్ళు తెచ్చి వేళ్ళు ముంచి జుట్టంతా తడిపింది. పాయలు విడదీసి, చివర నాలుగంగుళాలు గుప్పిట్లో పట్టుకుని, ముందు కొసల చిక్కు తీసింది. తర్వాత కాస్త పైన. ఇంకాస్త పైన. పాప ఏడవలేదు. ఆవిడ చీర కుచ్చిళ్ళు లెక్కపెడుతూ కూర్చుంది. అరగంట పట్టింది.

"మళ్ళీ వారం తీసుకురా. ఇక్కడికి కాదు, మా ఇంటికి. ఇక్కడ జుట్టుకి ఇస్త్రీ తప్ప ఇంకేం చెయ్యనివ్వరు."

పార్లర్లో ఆవిణ్ణి అందరూ ఉంగరాలక్క అంటారు. అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఎవరికీ గుర్తులేదు. అప్పటికి నలభై నాలుగేళ్ళు. అందులో ఇరవై రెండేళ్ళు ఇతరుల ఉంగరాల జుట్టును తిన్నగా సాగదీయడంలోనే గడిచాయి. మందు పూసి, ఇనుప పట్కారు వేడి చేసి, పాయ పాయగా లాగడం. ఆ మందు ఘాటుకు ఆవిడ కళ్ళు ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి. గొంతు వారంలో మూడు రోజులు బొంగురు. సొంత జుట్టును మాత్రం ముడివేసి, వలలో దాచి ఉంచేది.

ఆవిడ ఇల్లంటే పార్లరు వెనక సందులో ఒక గది. ఒక మంచం, ఒక కుర్చీ, ఒక చెక్క బీరువా. మంచం మీద తల్లి. చూపు సగం పోయింది గాని నోరు పూర్తిగా పనిచేస్తుంది.

"మళ్ళీ ఎవర్ని తెచ్చావే?"

"చిన్న ఉంగరాలమ్మా."

"పాపం! ఇంట్లో చీపుళ్ళకి కొదవుండదు."

ఉంగరాలక్క నవ్వేసింది. చిన్నప్పుడు ఆ తల్లే ప్రతి ఆరు నెలలకూ ఆవిడ తలను కత్తెరతో మట్టం చేసేదట. "చెల్లెళ్ళిద్దరికీ జడలు, నాకు కత్తెర. మా అమ్మ తప్పు కాదులే తమ్ముడూ. పొద్దున్నే ముగ్గుర్ని బడికి తయారు చెయ్యాలి. నా ఒక్క తలకే గంట పడితే ఎలా?" పందొమ్మిదో ఏట పార్లరులో నేల మీద పడ్డ జుట్టు ఊడ్చే పనిలో చేరింది. పెళ్ళి కుదిరినప్పుడు జుట్టు తిన్నగా చేయించుకుంది. మెడ మీద పట్కారు కాల్చిన మచ్చ ఇంకా ఉంది. పెళ్ళి మాత్రం మూడేళ్ళు కూడా నిలవలేదు.

ఆ గదిలో నా కళ్ళు బీరువా తలుపు మీద ఆగాయి. లోపలివైపు పెన్సిలు గీతలు, ఒక్కొక్క దాని పక్కన నెల పేరు. పిల్లల ఎత్తు కొలిచే గీతలనుకున్నాను. కాదు. అవి ఆవిడ జుట్టు గీతలు. ప్రతి నెలా తల తడిపి, నిటారుగా నిలబడి, వెనక పాయ ఒకటి లాగి, తల్లి వేలితో కొస ఎక్కడికొచ్చిందో తడిమి చెబితే అక్కడ గీసేది.

దాని వెనక కథ ఇది. ఆరేళ్ళ కిందట పార్లర్లో ఒక తల్లి పదేళ్ళ కూతుర్ని బలవంతంగా ఇస్త్రీకి కూర్చోబెట్టింది. ఆ పిల్ల ఏడ్చిన ఏడుపుకు ఉంగరాలక్క పట్కారు పక్కన పెట్టేసి, పార్లరు నడిపే మేడం దగ్గరికి వెళ్ళింది. వాష్ బేసిన్ పక్కన మూల కుర్చీ ఒకటి తువ్వాళ్ళు పెట్టుకోవడానికే పనికొస్తోంది, అది తనకిమ్మంది. మందు లేదు, పట్కారు లేదు. ఉంగరాల జుట్టును ఉంగరాలుగానే కడిగి, చిక్కు తీసి, పెంచుకోవడం నేర్పుతానంది. మేడం అందరి ముందూ నవ్వింది. "నీ జుట్టే భుజం దాటదు, నీ మాట ఎవరు నమ్ముతారే? నడుం దగ్గర కట్టుకున్న ఆ ఏప్రాన్ నాడా దాకా పెంచి చూపించు. కుర్చీ నీదే పో."

మేడం వేళాకోళానికి అంది. ఉంగరాలక్క నిజమనుకుంది.

మొదటి రెండేళ్ళూ బీరువా మీద ఒకటే గీత. దాని మీదే గీసి గీసి అది పెన్సిలంత మందమైంది. తన జుట్టు పెరగడం మానేసిందనుకుంది. మానెయ్యలేదు. పైన పెరిగినంతా కింద తెగిపోయేది. ఈ సంగతి ఆవిడకు ఎవరూ చెప్పలేదు, వేళ్ళే చెప్పాయి. ఉంగరాల జుట్టులో నెత్తి మీది జిడ్డు మెలికలు దాటి కొసల దాకా దిగదు. కొసలు ఎప్పుడూ ఆకలితోనే ఉంటాయి. అందుకని తువ్వాలుతో రుద్దడం మానేసి పాత నూలు చొక్కాతో అద్దడం మొదలుపెట్టింది. పొడి జుట్టుకు నూనె రాస్తే పైపైన మెరుపే తప్ప లోపల ఎండు అని గ్రహించి, ముందు నీళ్ళు, ఆ తడి మీద నూనె రాసింది. చిరిగిన కోటు లోపలి నున్నటి గుడ్డతో దిండు గలీబు కుట్టుకుంది. పడుకునే ముందు వదులుగా రెండు జడలు. మూడో ఏడు గీత కదిలింది. నేను చూసేనాటికి నాడాకు నాలుగు వేళ్ళ దూరంలో ఉంది.

పాప జుట్టు కూడా ఆవిడ చేతుల్లో నెమ్మదిగా మెడ దిగింది. ఆవిణ్ణి "అత్తా" అని పిలవడం మొదలుపెట్టింది.

అప్పుడే మేడం ప్రకటించింది. ఎండాకాలం అయ్యాక పార్లరు బాగుచేయిస్తుందట. మూల కుర్చీ సంగతి అప్పుడే తేలుస్తుందట. అయిదు నెలలుంది. నేను లెక్కేశాను. నెలకు సెంటీమీటరుంపావు చొప్పున ఆరు పైచిలుకు. కావలసింది ఆరు. ఒక్క కొస తెగకపోతే చాలు.

"అక్కా, ఆ కొసల సంగతి నాకొదిలెయ్," అన్నాను.

గ్లిజరిన్ గాలిలోని తేమను పీల్చి జుట్టుకు ఇస్తుందని చదువుకున్నాను. నీళ్ళలో కొలత ప్రకారం కలిపి, కాస్త అవిసె గింజల జిగురు చేర్చి, సీసాలో పోసి, ముందు పాప మీద పరీక్షించాను. మూడు వారాలు. ఆ జుట్టు పట్టుకుంటే చేతిలోంచి జారిపోయేది. అప్పుడు తెచ్చి ఆవిడకిచ్చాను.

పది రోజులకే ఆవిడ అడిగింది. "తమ్ముడూ, నా వేళ్ళకి గరుగ్గా తగులుతోంది. బంకబంకగా చిక్కు పడుతోంది. ఆపెయ్యనా?"

"అది పైపూతక్కా. అలవాటు పడాలి. పాపకి చూడు ఎంత బాగుందో."

"నువ్వు చదువుకున్నవాడివి, నీకు తెలియదా," అని మళ్ళీ రాసుకుంది. గరుకు పెరిగితే ఇంకాస్త ఎక్కువ రాసుకోమన్నాను. ఆ మాట కూడా నాదే.

రెండు నెలలు గడిచాయి. ఒకరోజు పని మీద బయటికెళ్ళి, లాబు తేమ మీటరు సంచిలో ఉండగానే పార్లరుకు వెళ్ళాను. లోపల ఏసీ, అయిదు డ్రయ్యర్లు, పట్కార్ల వేడి. ఎందుకో మీటరు తీసి చూశాను. మా ఇల్లు నేల మట్టాన, నీళ్ళ టాంకు ఆనుకుని ఉంటుంది, గోడలకు చెమ్మ. అక్కడ ముల్లు డెబ్బై దగ్గర. ఇక్కడ పద్దెనిమిది. బయట గాలిలో తేమ లేకపోతే గ్లిజరిన్ ఊరుకోదు, జుట్టులోంచే లాగుతుంది. ఇది కూడా నేను చదువుకున్నదే. ఆవిడ రోజుకు పది గంటలు ఆ గాలిలోనే నిలబడుతుందని మాత్రం ఆలోచించలేదు.

మెట్ల మీద చెప్పాను. ఆవిడ వల విప్పి కొసలు ముందుకు తీసుకుని చూసుకుంది. చీలిపోయి, తెల్లటి చుక్కలు చుక్కలుగా ఉన్నాయి.

"సరేలే. ఇంకా రెండు నెలల పైనే ఉందిగా," అంది. నన్నొక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

కొలిచే రోజున నేనూ వెళ్ళాను. మేడమే స్వయంగా నీళ్ళు చల్లి దువ్వింది. వెనక పాయంతా నాడాకు అయిదు వేళ్ళ పైనే ఆగిపోయింది. మూడంటే మూడు వెంట్రుకలు మాత్రం కిందికి దిగి నాడాను తాకాయి.

"మేడం, తగిలింది!" అంది అద్దం దగ్గరున్న అమ్మాయి.

"మూడు వెంట్రుకలకి కుర్చీ ఇస్తే, నాలుగో దానికి నేనేం చెప్పుకోనే?" అంది మేడం. అందరూ నవ్వారు. ఉంగరాలక్క కూడా నవ్వింది. మేడం చెడ్డది కాదు, ఆ రోజు అందరికీ టీ తెప్పించింది. వారంలో మూల కుర్చీ తీసేసి అక్కడ ఇస్త్రీకి కొత్త మెషిను పెట్టారు. పాతవాళ్ళలో పెద్దదని, దాన్ని నడిపే పని ఉంగరాలక్కకే అప్పగించారు.

ఆ తర్వాతి సెలవుకు పాపను తీసుకుని గదికి వెళ్ళాను. తలుపు తీసిన మనిషిని పాప గుర్తుపట్టలేదు. చెవుల దాకా కత్తిరించేసుకుంది.

"అత్త జుట్టేది?"

"ఎండిపోయింది తల్లీ."

మంచం మీంచి తల్లి అంది, "నేనైతే సమంగా కత్తిరించేదాన్ని. వెనకంతా మెట్లు మెట్లుగా ఉంది, తడిమి చూశా." ఆ గొంతులో వెటకారం లేదు.

బీరువా తలుపు తెరిచే ఉంది. గీతలు చెరపలేదు. కొత్తది గీయలేదు.

"తమ్ముడూ, ఇక్కణ్ణుంచి నాడా దాకా ఎంత కాలం పడుతుందో లెక్కేసి చెప్పు," అంది పాపను మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుంటూ.

లెక్క నాకు వెంటనే వచ్చేసింది. ఒక్క కొస తెగకపోతే నాలుగేళ్ళు. రోజుకు పది గంటలు ఆ మెషిను ముందు నిలబడితే కొసలు తెగకుండా ఉండవు. నలభై అయిదు దాటాక పెరుగుదల కూడా ఇదివరకటిలా ఉండదు.

"నాలుగేళ్ళక్కా," అన్నాను.

ఆవిడ నా ముఖం వైపు చూడలేదు. "నాకూ కొంచెం లెక్కలొచ్చులే తమ్ముడూ," అంది.

పాప మెడ తిప్పి ఆవిడ వైపు చూసింది. "అత్తా, షాపులో మెషినుతో నాది కూడా తిన్నగా చేస్తావా?"

ఆవిడ మగ్గులో వేళ్ళు ముంచింది. నిన్నటి మందుకు వేళ్ళ చివర్లు పొట్టు రేగి ఉన్నాయి. నీళ్ళు తగలగానే ఒక్కసారి చెయ్యి వెనక్కి తీసుకుని, మళ్ళీ ముంచింది.

"తల దించు," అని కొసల నుంచి మొదలుపెట్టింది.